అక్క ఏ బండ్ల ఉంది?

ఏప్రిల్ 15, 2012. ఆదివారం

రాజకుమారికి సిమ్లా కావాలట. ఎందుకమ్మా అంటే వాళ్ల ఎదురింటావిడ వెళ్లొచ్చిందట. ఆవిడ గడ్డి తింటే మనమూ తింటామా అనబోయి నోరు మూసుకున్నాను. పెద్ద తమ్ముడి పెళ్లాం, మూతి ముడుచుకుంటే నాలుగు రోజులు విప్పదు.

చివరికి నైనిటాల్ ఖాయం చేశాను. కొండలుంటాయి, చెరువులుంటాయి. ఒక్కటి కాదు, చుట్టుపక్కల అరడజను దాకా ఉన్నాయి. పొద్దున బయల్దేరి ఒక్కో చెరువు చూసుకుని సాయంత్రానికి గదికి చేరొచ్చు. చిన్న తమ్ముడి కూతురు రచనకు పడవలు, పెద్ద తమ్ముడు ఉమాకాంత్ కొడుకులిద్దరికీ రోప్‌వే, నా మోకాళ్లకు బెంచీలు. కాలేజీ లైబ్రరీలో ఉన్న ప్రయాణాల పుస్తకాలన్నీ తిరగేసి మరీ చెప్పాను కాబట్టి ఎవరూ కిక్కురుమనలేదు. నారాయణగూడ కాలేజీలో ఇన్నేళ్లుగా లైబ్రేరియన్‌గా పుస్తకాల దుమ్ము మింగుతున్నందుకు ఈ మాత్రం దర్జా నాకు ఉండాలి.

అమ్మ సంవత్సరీకం అయిపోయింది. ఏడాదిగా ఎవరమూ ఊరు దాటలేదు. తమ్ముళ్లిద్దరూ కలిసి తీసుకెళ్తామంటే కాదనడమెందుకు?

భోజనాలయ్యాక అసలు సంగతి బయటికొచ్చింది. ఉమాకాంతే ఎత్తాడు.

"ఇంక నువ్వొక్కదానివి ఈ కిరాయింట్ల ఎందుకక్కా? జూన్‌ల ఖాళీ చేసెయ్. ఒక నెల అంబర్‌పేట్ల మా ఇంట్ల ఉండు, ఒక నెల రాంనగర్ల వీళ్లింట్ల."

చిన్నవాడు ఫణీంద్ర తలూపాడు. "ఒక్కరి దగ్గరనే ఉంటే ఇంకొకరికి రంది గద అక్కా. వంతులేసుకుంటే ఎవరికి బాధ లేదు."

సరే అన్నాను. ఇద్దరు తమ్ముళ్లు నా కోసం పోటీ పడుతుంటే నాకేమైనా చేదా! చాలా సంతోషంగా ఉంది.

ఏప్రిల్ 22. ఆదివారం

కింద ఉండే ఇంటాయన కిషన్ రావు గారికి చెప్పేశాను.

"మంచిదే అరుంధతమ్మా. ఇన్నేండ్ల సంది ఉన్నరు, ఇంట్ల మనిషి లెక్క అయిన్రు" అన్నాడు ముందు. వెంటనే పైకి చూసి కళ్లతోనే గది కొలుచుకున్నాడు. "మీరు పోయినంక ఆ రెండు రూములల్ల మంచాలేసి కోచింగ్ పిలగాండ్లకిస్త. గ్రూప్స్ చదివెటోళ్లు దినాం గేటు కొడ్తనే ఉన్నరు."

నిజమే. మా అశోక్‌నగర్‌లో ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా మంచాలే, మంచం మీద ఒక పిల్లవాడు, పిల్లవాడి ముందు ఒక కరెంట్ అఫైర్స్ పుస్తకం. ఒకసారి మంచాలు పడ్డాయంటే మళ్లీ ఆ గదులు సంసారాలకు దొరకవు. అంటే వెనక్కి వచ్చే దారి ఉండదు.

వెనక్కి రావలసిన ఖర్మ నాకేం?

మే 9. బుధవారం

రైల్లో రాస్తున్నాను. రాజకుమారి కరెంటు రైస్ కుక్కర్ తెచ్చింది. బియ్యం కూడా. హిమాలయాల్లో బియ్యం దొరకవని ఎవరు చెప్పారో. విజయశ్రీ పులిహోర చేసుకొచ్చింది, చిన్న మరదలికి వంట బాగా వచ్చు. నావి సకినాలు, కొత్త మామిడికాయ తొక్కు. నాగ్‌పూర్ దాటకముందే సకినాల డబ్బా సగమైంది. ఉమాకాంత్ కొడుకులు మనుషులు కారు, పందికొక్కులు.

మే 12. శనివారం. నైనిటాల్

నిన్న కాఠ్‌గోదాంలో దిగితే రెండు బండ్లు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కో తమ్ముడికి ఒకటి. నేను ఎవరి బండి ఎక్కాలని స్టేషన్ బయటే పంచాయితీ.

"వదినా, మీరు మా బండ్లనే రావాలె. పెద్దోళ్లం మేము" అంటుంది రాజకుమారి.

"మా బండ్ల సీటు ఖాళీగ ఉంది వదినా, కాళ్లు చాపుకోవచ్చు" అంటుంది విజయశ్రీ.

కొత్త కోడలికి కూడా ఇంత మర్యాద జరగదు! చివరికి ఉమాకాంత్ తీర్పు చెప్పాడు. ఇక్కడా వంతులే. ఏ రోజైనా పొద్దున పెద్దవాడి బండి, అన్నం తిన్నాక చిన్నవాడి బండి. అందరూ ఒప్పుకున్నారు.

రైస్ కుక్కర్ పెట్టగానే హోటల్లో మా అంతస్తు మొత్తం చీకటైంది. మేనేజర్ పైకొచ్చి ముక్కు ఎగబీల్చి చూశాడు. రాజకుమారి కుక్కర్ మీద చున్నీ కప్పి దాని మీద కూర్చుంది. ఎంత నవ్వానో!

ఇవాళ జూ చూశాం. కొండ మీద ఉంది, ఎక్కేసరికి నా మోకాళ్లు మొత్తుకున్నాయి. పులి నిద్రపోతోంది. గుహల తోటలో పిల్లలు పాక్కుంటూ ఒక పక్క దూరి ఇంకో పక్క తేలుతుంటే మేం బయట నిలబడి పేర్లు పెట్టి పిలవడమే సరిపోయింది. రోప్‌వే ఎక్కి పైకెళితే దూరాన మంచు కొండలు తెల్లగా గీత గీసినట్టున్నాయి. "అత్తా, గా మంచు ముట్టుకోవచ్చా?" అని అడిగింది రచన. ఎనిమిదేళ్ల పిల్లకు మంచు చూపిస్తానని తెచ్చి, చూపించాను, అంతే. సాయంత్రం పెద్ద చెరువులో పడవ. రచన నా ఒళ్లోనే కూర్చుంది. ఈ పిల్ల కోసమైనా రాంనగర్ నెలలు బాగా గడుస్తాయి.

మే 13. ఆదివారం

భీమ్‌తాల్, నౌకుచియాతాల్. బాగున్నాయి. చిన్న పొరపాటు జరిగింది. నాకేం బాధ లేదు.

మే 14. సోమవారం

నిన్నటిది రాసి పెట్టుకుంటే తర్వాత నవ్వుకోవడానికి ఉంటుంది.

పొద్దున భీమ్‌తాల్. చెరువు మధ్యలో చిన్న దీవి, దీవి మీద చేపల అద్దాల పెట్టెలు. పిల్లలు అక్కడి నుంచి కదలమంటే కదల్లేదు. ఆలస్యమై, నౌకుచియాతాల్ చేరాకే భోజనం. ఆ చెరువుకు తొమ్మిది మూలలట. తొమ్మిదీ ఒకేసారి కంటబడిన వాళ్లకు మోక్షమని పడవతను చెప్పాడు. "నాకు ఐదు కనబడ్డయి, సగం మోక్షం వచ్చినట్టే" అన్నాను. ఫణీంద్ర పడవ ఊగేలా నవ్వాడు.

తిన్నాక బండ్ల దగ్గరికి నడుస్తుంటే రచన టోపీ లేదని చూశాను. బాతుల దగ్గర వదిలేసి ఉంటుంది. మీరు పదండి అని చెప్పి వెనక్కి వెళ్లాను. టోపీ దొరికింది. తిరిగొచ్చేసరికి రెండు బండ్లూ లేవు.

జరిగింది ఇంతే. అన్నం తిన్నాక చిన్నవాడి వంతు కాబట్టి నేను ఫణీంద్ర బండిలో ఉన్నాననుకున్నాడు ఉమాకాంత్. రచనేమో అన్నల దగ్గర కూర్చుంటానని ఉమాకాంత్ బండెక్కి నిద్రపోయింది. రచన ఎక్కడుంటే అత్త అక్కడే ఉంటుందని ఫణీంద్ర, విజయశ్రీ అనుకున్నారు. వాళ్లు దారిలో కొవ్వొత్తుల దుకాణాల దగ్గర ఆగారు, వీళ్లు తిన్నగా హోటల్‌కి వెళ్లారు. అందరూ ఒకచోట చేరేదాకా ఎవరికీ తెలియలేదు. వంతు వేసుకున్నది నా మీద ప్రేమతోనే కదా, ఆ ప్రేమ వల్లే వచ్చిన తంటా ఇది. ఎవరినీ అనడానికి లేదు.

నా ఫోను నా బ్యాగులో, బ్యాగు ఉమాకాంత్ బండి డిక్కీలో. ఇంకొకరి ఫోను అడుగుదామంటే తమ్ముళ్ల సెల్ నంబర్లు ఒక్కటీ నోటికి రావు. నోటికొచ్చేది అశోక్‌నగర్‌లో మా ఇంటి నంబరు. అక్కడ ఎత్తే మనిషి నేనే.

చాయ్ తాగాను. బాతుల్ని చూశాను. ఎండ వాలేసరికి వచ్చి తీసుకెళ్లారు. ఫణీంద్ర చెంపలు వేసుకున్నాడు. నాకేం బాధ లేదు.

మే 20. ఆదివారం

ఇల్లు చేరి మూడు రోజులైంది. ఉక్కపోత. చిక్కడపల్లి మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు తెచ్చుకునేసరికి ప్రాణం పోయింది.

సాయంత్రం రాంనగర్ వెళ్లాను. విజయశ్రీ పక్కింటివాళ్లు ఫొటోలు చూడ్డానికొచ్చారు. నౌకుచియాతాల్ ఫొటో రాగానే ఫణీంద్ర కథ ఎత్తుకున్నాడు. "మా అక్కను బాతుల దగ్గర మర్చిపోయి వచ్చినం!" అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. చెబితే నవ్వొచ్చేదే.

మే 24. గురువారం

ఉమాకాంత్ ఆఫీసతను లైబ్రరీకి వచ్చాడు, వాళ్లమ్మాయి సర్టిఫికెట్ పని మీద. "మీరేనా మేడం, బాతులను చూస్కుంట బండి మిస్ చేసుకున్నది?" అన్నాడు.

బాతులను చూస్తూ నేను బండి మిస్ చేసుకున్నానా? వాళ్లు నన్ను మర్చిపోలేదన్నమాట, నేనే తప్పిపోయానన్నమాట. టోపీ ఎక్కడికి పోయింది? టోపీ ఊసే లేదు.

పోనీ. కథలు తిరిగేకొద్దీ మారతాయి. నాకేం.

మే 27. ఆదివారం

ఇది రాయకూడదనుకున్నాను. మనసులో పెట్టుకుంటే అన్నం సయించడం లేదు.

ఆ రోజు రెండు బండ్లూ లేవని చూడగానే నవ్వొచ్చింది. ఏదో మలుపు దగ్గర ఆగి ఉంటారు, వచ్చేస్తారు అనుకున్నాను. కాసేపటికి నవ్వు పోయింది. యాభై నాలుగేళ్ల మనిషిని, చేతిలో పిల్ల టోపీ పట్టుకుని రోడ్డు మీద నిలబడి వచ్చే ప్రతి బండినీ తొంగి చూశాను. మ్యాగీ, చాయ్ అమ్మే బంకు ఆవిడ పిలిచి స్టూలు వేసింది. నా వయసే ఉంటుంది. చాయ్ చేతిలో పెట్టి, ఎంతమంది వచ్చారని అడిగింది. నా హైదరాబాద్ హిందీలో ఎనిమిది మందిమని చెప్పాను. "ఇంత పెద్ద కుటుంబమా, అదృష్టవంతురాలివి" అంది. అప్పుడు ఏడుపొచ్చింది. ఆవిడ చూడకుండా మొహం తిప్పుకున్నాను.

తుంపర మొదలైతే బంకు లోపలికి, సంచుల వెనక్కి జరిగి కూర్చోమంది. అక్కడే ఉండగా బండి వచ్చి ఆగింది. తమ్ముళ్లిద్దరూ దిగారు. లేచి పరిగెత్తబోయాను. అప్పుడే ఉమాకాంత్ గొంతు వినబడింది.

"తిన్నంక నీ వంతు గదరా! పొద్దుగాల నా వంతు అయిపోయింది, నేను మంచిగనే చూస్కున్న."

"రచన మీ బండ్లుంటే అక్క కూడ అండ్లనే ఉంటదనుకున్న. ఒక్కసారి ఎన్కకు తిరిగి చూడరాదె నువ్వు?"

"నేనెందుకు చూడాలె? నీ వంతుల."

తర్వాత ఉమాకాంత్ గొంతు తగ్గించాడు. "రెండు బండ్లకే గిట్ల పరేషాన్ అయితే, రేపు నెలనెలకు ఎట్లరా?"

ఫణీంద్ర కాదనలేదు. "ఛ, అవేం మాటలన్నా" అనలేదు. "జర మెల్లగ. ముందుగాల దొరకనియ్" అన్నాడు.

నేను లేవలేదు. వాళ్లు చెరువు గట్టు మీద అక్కా, అక్కా అని అరుస్తూ అటు వెళ్లి ఇటు వచ్చేదాకా ఆ సంచుల వెనకే కూర్చున్నాను. బంకు ఆవిడ నన్నూ వాళ్లనూ మార్చి మార్చి చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని బయటికొచ్చి, "ఏందిరా, ఇంతసేపా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అందుకే వాళ్లు కూడా నవ్వారు.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. రాసిందంతా చదువుకుంటే వాళ్లు చెడ్డవాళ్లలా కనిపిస్తున్నారు, అది తప్పు. ఫణీంద్ర చేతులు చల్లగా అయిపోయాయి ఆ రోజు. నా చెయ్యి పట్టుకుంటే తెలిసింది.

జూన్ 3. ఆదివారం

సామాను సర్దుతున్నాను. ఆషాఢం పడితే ఇల్లు మారకూడదు, ఆ లోపలే కదలాలి. ఉమాకాంత్ పదిహేడో తారీకు ఆదివారానికి ట్రాలీ ఆటో మాట్లాడాడు.

ట్రాలీ సరే, అది ఎటు వెళ్లాలి? మొదటి నెల ఎవరింట్లో అన్నది ఎవరూ తేల్చలేదు. రాజకుమారికి ఫోన్ చేశాను.

"రచనకు మీరంటే పానం గద వదినా, మొదలు రాంనగర్‌కే పోండ్రి. మాకు జూన్ల పోరగాండ్ల అడ్మిషన్ల లొల్లి."

విజయశ్రీకి చేశాను.

"అయ్యో, పెద్దోళ్లింట్ల మొదలు పెడితేనే పద్ధతి వదినా. రాజకుమారక్క ఏమనుకుంటదో."

ఇద్దరూ ఎంత మర్యాదస్తులో! కాఠ్‌గోదాంలో మా బండంటే మా బండి అన్నవాళ్లు, ఇప్పుడు మీరు ముందంటే మీరు ముందంటున్నారు. ఫోన్ పెట్టేసి చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాను.

జూన్ 7. గురువారం

వెళ్లను. నిర్ణయించుకున్నాను. ఇంకా మంచాలు పడలేదు, అడిగితే కిషన్ రావు గారు కాదనరు.

ఆదివారం అంబర్‌పేట్‌లో భోజనానికి అందరం కలుస్తాం, అక్కడే చెప్తాను. నారాయణగూడ నుంచి నడిచొస్తూ జవాబులన్నీ తయారు చేసుకున్నాను. అక్కా మేమేం తప్పు చేసినం అంటే, మీరేం చేయలేదు, కాలేజీ ఇక్కడికి దగ్గర అంటాను. ఒక్కదానివి ఎట్లుంటవు అంటే, కింద ఇంటివాళ్లున్నారు, అమ్మ పోయినప్పటి నుంచీ ఒక్కదాన్నే కదా అంటాను. లోకం ఏమంటది అని రాజకుమారి తప్పకుండా అంటుంది, దానికి కూడా ఉంది నా దగ్గర. రచన ఏడిస్తే మాత్రం ఏం చేయాలో తెలియదు. ఫణీంద్ర కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, చిన్నప్పటి నుంచీ అంతే. గట్టిగా నిలబడాలి. ఎంత బతిమాలినా మెత్తబడకూడదు.

ఆ వంతు మాట మాత్రం ఎత్తను. నేను విన్నానని తెలిస్తే వాళ్లు తలెత్తుకోలేరు.

జూన్ 10. ఆదివారం

అంబర్‌పేట్ వెళ్లొచ్చాను.

రాజకుమారి వాళ్లన్న సుందరరావు కూడా వచ్చాడు. పళ్లేల ముందు కూర్చోగానే ఉమాకాంత్ మొదలుపెట్టాడు. ఇప్పటికి కథ ఎంత పెరిగిందంటే, నేను బాతులతో మాట్లాడుతున్నానట, హారన్ కొట్టినా వినిపించుకోలేదట. సుందరరావుకు పొలమారింది. "అక్కగారూ, ఈసారి మెడల అడ్రసు రాసి ఏసుకోండ్రి!"

నాకు ఒళ్లు మండింది. "బాతులు కాదు. రచన టోపీ కోసం పోయిన. హారన్ ఎవరూ కొట్టలే" అన్నాను.

"అదేలే అక్కా, నవ్వడానికి చెప్తున్న" అన్నాడు ఉమాకాంత్.

ఇక ఆగలేదు. "ఇంకో మాట కూడ చెప్త, విను. నేను ఇల్లు ఖాళీ చేస్తలేను. నెల ఇక్కడ, నెల అక్కడ నాతోని కాదు. నా ఇంట్ల నేనుంట."

అందరూ తినడం ఆపేశారు. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మొదటి జవాబు నాలుక చివర పెట్టుకున్నాను, కాలేజీ దగ్గర అన్నది.

రాజకుమారి విజయశ్రీ వైపు చూసింది. విజయశ్రీ పళ్లెం వైపు చూసింది.

"మీ ఇష్టం వదినా. మీకెట్ల నిమ్మళమైతే అట్లనే" అంది రాజకుమారి.

"అవునక్కా. నిన్ను బలవంతం చేసుడు మంచిది కాదు" అన్నాడు ఫణీంద్ర. కళ్లు పొడిగానే ఉన్నాయి. వదులైన భుజాలు మాత్రం చూశాను, పెద్ద మూట దించుకున్న మనిషిలా.

ఉమాకాంత్ ఎడమ చేత్తో ఫోను తీశాడు. "ట్రాలీ ఆయనకు ఇప్పుడే చెప్పేస్త, మళ్ల మర్చిపోత." చెప్పేశాడు కూడా. రాజకుమారి లేచి వెళ్లి గిన్నె తెచ్చింది. "వదినా, పెరుగేసుకుంటరా?" అని అడిగింది. ఆవిడ ఇంత ప్రేమగా అడగడం నేనెప్పుడూ వినలేదు.

వేసుకున్నాను. రచన లోపల టీవీ చూస్తోంది.

జూన్ 11. సోమవారం

పొద్దున్నే కిందికెళ్లి కిషన్ రావు గారికి చెప్పాను.

"పిలగాండ్లకు ఇంక మాట ఇయ్యలే. ఉండుండ్రి, మాకు గదే సంతోషం" అన్నాడు. తర్వాత అనుమానంగా చూశాడు. "మరి తమ్ముండ్లు ఊకున్నరా?"

"ఎక్కడ ఊకుంటరు? మస్తు బతిమాలిన్రు. చిన్నోడైతే కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు. నేనే వినలే" అన్నాను.

"ఈ దినాలల్ల గసొంటి తమ్ముండ్లు ఎవరికుంటరమ్మా!"

అవునండీ అన్నాను. పైకొచ్చి కాలేజీకి సెలవు పెట్టాను.

ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నిన్న ఎవరో ఒకరు, రాజకుమారి అయినా సరే, ఇంకొక్కసారి "అట్లెట్ల, రావాల్సిందే" అని ఉంటే నేను వెళ్లిపోయేదాన్ని. ఏ ఇంటికైనా వెళ్లేదాన్ని. ఆ జవాబులన్నీ తయారు చేసుకున్నది రానని చెప్పడానికి కాదు, రమ్మనిపించుకోవడానికి. ఒక్క జవాబు కూడా ఖర్చు కాలేదు.

గిన్నెలు, బట్టలు, పుస్తకాలు అన్నీ కట్టేసి ఉన్నాయి. సాయంత్రమైంది. ఇంకా ఒక్క పెట్టె కూడా విప్పలేదు.